ఏలినాటి శనియు మనఃపరిపాకమును



మన చొప్పదండిలో గాని, కరీంనగరములో గాని, గోదావరీతీరమునందలి ధర్మపురి మంథనులలో గాని యొక యింట కష్టము కలిగినప్పుడు బంధువుల నోట మొదట వెలువడు ప్రశ్న "ఏమి జరిగినది?" యనునది కాదు, "ఎవరికి శని నడుచుచున్నది?" యనునది. వ్యాపారమున నష్టము వచ్చినను, కుమారుడు పరీక్షలో తప్పినను, గల్ఫుదేశమునకు బోయిన యల్లుడు పని పోగొట్టుకొని మరలివచ్చినను, భార్యాభర్తలు మాటలాడుకొనుట మానినను, ఆ యొక్క పేరే సమస్తమునకును సమాధానమై నిలుచును. ఆ పేరు చెప్పబడిన వెంటనే యింటిలోనివారి కొకవిధమైన నెమ్మది కలుగుటయు నేను జూచితిని. ఆ నెమ్మది యెక్కడనుండి వచ్చుచున్నది? దానికై మనము చెల్లించుచున్న వెల యెంత? ఈ రెండు ప్రశ్నలనే నేడు మీతో గలసి విచారింప దలచితిని.

తెలియని దానిని దూషించుట బ్రాహ్మధర్మము కాదు గావున, మొదట నా లెక్కను న్యాయముగా జెప్పవలెను. శనిగ్రహము సూర్యుని జుట్టివచ్చుటకు సుమారు 29 సంవత్సరముల 6 నెలలు పట్టును. పండ్రెండు రాశులకును బంచినచో నొక్కొక్క రాశియందు రమారమి రెండున్నర యేండ్లు. జన్మకాలమున జంద్రుడున్న రాశికి వెనుకటి రాశియందును, ఆ రాశియందును, తరువాతి రాశియందును శని సంచరించు ఏడున్నర యేండ్లనే ఏలినాటి శని యందురు. దీర్ఘాయువు గలవానికి ఇది రెండు మూడు మాఱులు వచ్చును. వింశోత్తరీదశల లెక్క వేఱు. అందు కేతువునకు 7, శుక్రునకు 20, రవికి 6, చంద్రునకు 10, కుజునకు 7, రాహువునకు 18, గురునకు 16, శనికి 19, బుధునకు 17. వెరసి 120 సంవత్సరములు. అఱువదియేండ్లు నిండిననాడు షష్టిపూర్తి చేయుట గూడ నీ గణితమునుండి పుట్టినదే. గురుడు ఐదు మాఱులును శని రెండు మాఱులును చుట్టివచ్చి పుట్టిననాటి స్థానములకు దాదాపుగా జేరుదురు. ప్రభవాది సంవత్సరముల చక్రము నొకసారి తిరిగిపోవును.

ఈ లెక్కను గట్టినవారు మూఢులు కారు. మనుష్యుని జీవితము గట్లులేని యొక్క చెలక వంటిది కాదనియు, అందు మళ్లు మళ్లుగా విభాగములు గలవనియు వారు కనిపెట్టిరి. ముప్పదియేండ్ల దఱి యింటి బరువు మొదటిసారి నిజముగా భుజముపై బడును. అఱువదియేండ్ల దఱి ఆ బరువును మఱియొకరి భుజమునకు మార్చుట నేర్వవలసివచ్చును. కష్టమునకు గడువున్నదని చెప్పుట కూడ నొక కరుణయే. "ఇంక రెండేండ్లు ఓర్చుకొమ్ము" అనిపించుకొన్నవాడు, "నీకింతే" అనిపించుకొన్నవానికంటె సుఖముగా నిద్రించును. ఇంతకు మునుపు నే జెప్పిన నెమ్మదికి మూలమిదియే. దానిని నేను పరిహసింపను.

అయినను గణితము నిజమైనంతమాత్రమున ఫలము నిజము కాదు. మన గ్రామములలో పెద్దలనేకుల జన్మదినము బడిలో జేర్చుకొన్ననాడు ఉపాధ్యాయుడు తనకు దోచినట్లు వ్రాసికొన్నది. ఆధారు పత్రములలో జనవరి 1వ తేదీన బుట్టినవారిని లెక్కించినచో, ఒకప్పుడు మన జిల్లాలోని తల్లులందఱు నాయొక్కనాడే ప్రసవించిరేమో యని తోచును. జన్మకాలము తెలియనివారికి బేరులోని మొదటి యక్షరమును బట్టి నక్షత్రము నిర్ణయింతురు. తాత పేరు పెట్టుకొన్నందులకు మనుమడు తాతగారి శనిని గూడ మోయవలసినదే కాబోలు! ఇక పంచాంగములైన నేకవాక్యముగా నున్నవా? 2025 మార్చి 29వ తేదీన శని మీనరాశిని బ్రవేశించెనని దృక్పంచాంగములు వ్రాసినవి. శనిక్షేత్రముగా దేశమంతటను బేరొందిన తిరునళ్లారు దేవాలయమువారు, తమ వాక్యపంచాంగమును బట్టి ఆ ప్రవేశము 2026లో గాని లేదని ప్రకటించిరి. ఈ నడిమికాలమున మకరరాశివానికి శని విడిచినట్లా, విడువనట్లా? మేషరాశివానికి బట్టినట్లా, పట్టనట్లా? వాని గృహమున ఆ సంవత్సరము పుట్టిన కోపమునకు బాధ్యు లెవరు?

ఖగోళశాస్త్రజ్ఞుడగు జయంత విష్ణు నార్లికరుగారు 2008 ప్రాంతమున మహారాష్ట్రమున నొక పరీక్ష జరిపించిరి. చదువులో దెలివిగల నూఱుగురు బాలలవియు, బుద్ధిమాంద్యము గల నూఱుగురు బాలలవియు జాతకములను గలిపి, యొక్కొక్క జ్యోతిష్కునకు నలువది చొప్పున బంపి, ఏది యెవరిదో తేల్చుడని కోరిరి. ఇరువదియేడుగురు ప్రత్యుత్తరము లిచ్చిరి. వారు చెప్పినవానిలో సరియైనవి నూటికి 46. ఊరక నాణెము నెగురవైచి చెప్పినను ఏబది సరిపోవలసినవి! ఈ విషయమున నింతకంటె జెప్పుట యనవసరము. నా యసలు వేదన గణితమునుగూర్చి కాదు.

ఒక గృహమును దలచుకొనుడు. అది నా కల్పనయే యైనను అట్టిది మీ వీథియందును గలదు. అన్నదమ్ము లిద్దఱు. శ్రీరామసాగరము కాలువ క్రింద తండ్రి విడిచిన పొలమును బంచుకొనిరి. ఒక వేసవిలో నీటి వంతునుగూర్చి మాట పెరిగి, అన్న నలుగురి యెదుట తమ్ముని యొక మాట యనెను. అది మరల దీసికొనదగిన మాటయే; కాని తీసికొనవలసినవాడు నోరు తెఱవవలెను గదా. తల్లి తమ్మునియింట నున్నది. అన్నకు రాత్రులయందు నిద్ర పట్టలేదు. పంతులుగారికి జాతకము చూపించెను. "ఏలినాటి శని మూడవభాగము నడుచుచున్నది. వాక్కునకు దోషము. నోరు జాఱుట సహజము. ఇంక రెండేండ్లు వివాదముల జోలికి బోవలదు" అని వారు చెప్పిరి. పంతులుగారు చెడుతలంపుతో జెప్పలేదు. కాని విన్నవానికి అందులో రెండు వరములు దొరకినవి: ఆ మాట తనది కాదనుట యొకటి, తమ్మునియింటికి బోనక్కఱలేదనుట రెండవది.

అతడు శనివారము శనివారము నల్లనువ్వులును నువ్వులనూనెయు దీసికొని నవగ్రహములకు బ్రదక్షిణములు చేసెను. గుడికి బోవుదారి తమ్మునియింటి ముందరనుండియే. అరుగుపై దల్లి కూర్చుండియుండును. తమ్ముని చిన్నకూతురు వీథిలో నాడుకొనుచు "పెద్దబాపూ!" యని పిలుచును. అతడు తల త్రిప్పడు. మిత్రులారా! ఇతడు క్రూరుడు కాడు. శని విడిచినపిమ్మట దమ్మునితో మాటలాడవలెననియే యతని కోరిక. పంచాంగముననుసరించి శని విడిచెను. అరుగు శూన్యముగా నుండెను. నూఱు శనివారముల కంటె నెక్కువగా నా వృద్ధురాలి కన్నుల యెదుటనుండి నడిచిపోయిన కుమారుని, నూనెగిన్నె చేతబట్టుకొని నడిచిపోయిన కుమారుని, ఏ గ్రహము వెనుకకు ద్రిప్పి తేగలదు?

వెల యెంత యని యడిగితిని గదా. ఇదియే యా వెల. కోపము శనిదైనచో క్షమాపణము చెప్పవలసినవాడును శనియే యగును. ఆ మాట నాదైనచో నేను పోయి తలుపు తట్టవలెను. మనఃపరిపాకమని నేను జెప్పునది యీ తలుపు తట్టుటకంటె నెక్కువైనది కాదు. అది కోపము రాకుండుట కాదు, కన్నీరు లేకుండుటయు గాదు. వచ్చిన కోపమును, జాఱిన మాటను, కలిగిన భయమును "ఇవి నావి" యని పేరుపెట్టి యెత్తుకొనుట. వయసుచేతనే యిది రాదు. ఎనుబదియేండ్ల బాలురను మనమెఱుగమా?

మగవాడు తన మాటను గ్రహముపై ద్రోయుట యొక యెత్తు. ఇతరుల మృత్యువునకు గన్యను బాధ్యురాలిని జేయుట మఱియొక యెత్తు. మూలయందు బుట్టినది మామగారికి, ఆశ్లేషయందు బుట్టినది అత్తగారికి, జ్యేష్ఠయందు బుట్టినది బావగారికి, విశాఖయందు బుట్టినది మఱదికి గీడని నేటికిని జెప్పుచునే యున్నారు. చదువుకొన్న పిల్లను జూచి, మెచ్చి, మాటలన్నియు నైనపిమ్మట నక్షత్ర మడిగి లేచిపోయిన పెద్దలు మన సభలయందే యుందురేమో! ఆ పిల్ల యద్దములో దన ముఖమును జూచుకొనునప్పుడు ఏమి జూచును? కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిననాడు ప్రతిపక్షులు శాస్త్రములను దెచ్చిరి. కాని యొక్క విషయమును వారు విచారింపలేదు. ఆనాటి బాలవితంతువుల మొదటి వివాహములు పెద్దలు జాతకములు పొంతన చూచి సుముహూర్తములు పెట్టి చేసినవే గదా! పొంతనలు కుదిరిన యన్ని యిండ్లలో నంతమంది పసిపిల్లల నొసళ్లు బోసిపోవుట యెట్లు సంభవించెను? ఆ ప్రశ్నకు సమాధానము లేదు కావున, దోషము పిల్ల నుదుటి వ్రాతదని చెప్పి తప్పించుకొనిరి. పొంతన తప్పిన గణకుని నెవ్వరు నింటినుండి వెడలగొట్టలేదు.

జీవితమున నిజమైన సంధులు లేవని నేననుట లేదు. అవి యున్నవి, మన కంటియెదుటనే యున్నవి. మన చొప్పదండిలోని జవహర్ నవోదయ విద్యాలయమునందు ఆఱవ తరగతిలో జేరు బాలుని జూడుడు. పది పదునొకండేండ్ల వాడు. అంతవఱకు తల్లి ప్రక్కను నిద్రించినవాడు, నాడు రాత్రి పరాయి పిల్లలనడుమ నినుపపెట్టె ప్రక్కన బెట్టుకొని నిద్రింపవలెను. బయట గేటుకడ దల్లి కొంగు నోటికడ్డముగా బెట్టుకొని నిలుచుండును. తండ్రి బస్సు వేళయైనదని కేకలు వేయును. అతనికి దుఃఖమును వెలిబుచ్చుట కా కేకకంటె వేఱు భాష తెలియదు. ఇది సంధి కాదా? మఱుసటి యేట నా బాలుడే, క్రొత్తగా జేరి యేడ్చుచున్న యొకని చెంత గూర్చుండి తన డబ్బాలోని సకినాలు పంచియిచ్చును. ఈ సంవత్సరములో గురుడు రాశి మాఱియుండవచ్చును. గురుడు ప్రతి యేటను రాశి మాఱుచునే యుండును. కాని యేడ్చుచున్నవానిని గుర్తించుటకు గావలసిన కన్ను ఈ బాలునికి దన కన్నీటినుండి వచ్చినది. దుఃఖమును దాటిన వారందఱికి నిది రాదు. కొందఱు "నేను పడితిని గదా, వీడును బడనిమ్ము" అందురు. ఒకే కష్టము ఒకనిని మెత్తపఱచును, మఱియొకనిని గట్టిపఱచును. ఆ రెంటి నడుమ నున్నది గ్రహము కాదు, ఆత్మయొక్క యెన్నిక.

మన సమాజమునకు దండ్రివంటివాడగు మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు 1817 మే 15వ తేదీన జన్మించిరి. వారి తండ్రి ద్వారకానాథుడు గొప్ప వర్తకుడు. 1846 ఆగస్టులో లండను నగరమున మరణించెను. 1848 ఆరంభమున వారి వ్యాపారసంస్థ కూలిపోయెను. జ్యోతిష్కుడు చూచినచో సంతోషించును: పుట్టిననాటినుండి లెక్కింపగా శని మొదటి చుట్టు ముగించి జన్మస్థానమునకు దిరిగివచ్చినది సరిగా నా పితృమరణమునకును ఈ దారిద్ర్యమునకును నడుమనే! కాని యా సంవత్సరములలో గలకత్తాలోని వర్తకగృహము లనేకము కూలిపోయినవి. 1848లోనే యూనియన్ బ్యాంకును మూతపడెను. వారందఱు నొకే రాశియందు బుట్టినవారా? నీలిమందు వర్తకమున వచ్చిన సంక్షోభము దానికి గారణము.

అది యటుండనిండు. కష్టమునకు గారణము మార్కెటు కావచ్చును, వాన కావచ్చును, రోగము కావచ్చును. కష్టము వచ్చిననాడు దేవేంద్రనాథులు చేసిన పనికి మాత్రము గారణ మేది? ద్వారకానాథుడు కొంత యాస్తిని ముందుగనే ధర్మకర్తల యధీనమున నుంచెను. అప్పులవారికి న్యాయముగా దానిపై హక్కు లేదు. ముప్పదియేండ్ల యువకుడు, భార్యాబిడ్డలు గలవాడు, సిరిసంపదలలో బెరిగినవాడు, అప్పులవారి సభలో నిలిచి ఆ యాస్తిని గూడ మీయధీనము చేయుచున్నామని చెప్పించెను. రావలసిన బాకీలకంటె జెల్లింపవలసిన ఋణములు మిక్కుటముగా నుండెను. పిమ్మట ననేక సంవత్సరములు మితవ్యయముతో జీవించి ఋణములన్నియు దీర్చెను. తండ్రి వాగ్దానము చేసి చెల్లింపకపోయిన ధర్మవిరాళమును సైతము వడ్డీతో జెల్లించెను. శని ఎవనిని వీథికి దెచ్చునో చెప్పు గ్రంథములున్నవి. తన కక్కఱలేని ఋణమును దనదని చేతులు చాచి యెత్తుకొనువాని జాతకమును వ్రాసిన గ్రంథమెక్కడ?

మన తెలుగునాట బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి కథయు నట్టిదే. 1889లో భార్య మరణించునప్పటికి వారి వయస్సు ఇరువదియేడు. మరల వివాహమాడక, తెల్లని దుస్తులు ధరించి, శేషించిన యేబదియేండ్లును విద్యార్థులకును ననాథులకును ధారవోసిరి. మన దక్కనులోని సికింద్రాబాదు మహబూబు కళాశాలయందును వారు ప్రధానాచార్యులుగా నుండిరి. కాకినాడలో ననాథబాలలకు దండ్రియైరి. దుఃఖము వారిని విడిచిపోలేదు. వారే దుఃఖమునకు బని కల్పించిరి.

ఇట్లు చెప్పగా మీలో నొకరు, "దీపము పెట్టినచో బోవునదేమి? ధర్మపురికి బోయి యమధర్మరాజు సన్నిధిని గండదీపములో నూనె పోసివచ్చినచో మనస్సు కుదుటపడుచున్నది గదా!" యని యడుగవచ్చును. గోదావరి యొడ్డున యమునికి గుడి గట్టినవారి ధైర్యమును నేను గొనియాడుదును. మృత్యువును దాచిపెట్టక యూరినడుమ నిలిపినారు. పురాణములు శనిని యమునకు సోదరునిగా జెప్పును. అన్నకడకు బోయి తమ్మునిపై మొఱపెట్టుకొనుట లోకరీతియే! కాని యా యముని కడకే వెళ్లిన యొక బాలుని కథ మన యుపనిషత్తులలో నున్నది. రాజా రామమోహనరాయలు భాషాంతరీకరించిన కఠోపనిషత్తు నచికేతుని కథయే గదా.

తండ్రి యజ్ఞము చేయుచు ముసలి గోవులను దానమిచ్చుచుండగా, "నన్నెవరికిత్తువు?" అని బాలుడు మూడుమాఱు లడిగెను. తండ్రికి గోపము వచ్చి "నిన్ను మృత్యువున కిచ్చితిని" అనెను. ఇదియు జాఱిన మాటయే చూడుడు. ఇంతకుముందు చెప్పిన యన్న తమ్ముని నన్న మాటకంటె దారుణమైనది. బాలుడు యముని వాకిట మూడురాత్రులు నిరాహారుడై వేచియుండెను. యముడు వచ్చి మూడు వరము లిచ్చెదననెను. మనలో నెవరైన నేమి కోరుదుము? గండము తప్పింపుమందుము. నచికేతుని మొదటి వరమేమన: నా తండ్రి మనస్సు శాంతించుగాక, నేను తిరిగిపోయినప్పుడు కోపము లేక నన్ను గుర్తించి పలుకరించుగాక యనునది. దీర్ఘాయువును, శతాయుష్కులగు పుత్రపౌత్రులను, గజతురగములను, స్వర్ణమును యముడు తానై యిచ్చెదనన్నను ఆ బాలుడు వలదనెను. వాని వయస్సెంత? మన నవోదయములో జేరు పిల్లవాని వయస్సే కావచ్చును. ధర్మపురికి బోవువారు పొండు. నూనె పోయుడు, మానుడు, నే నడ్డురాను. కాని యచ్చట నిలిచినప్పుడు, ఎవనితో మీరు మాటలాడుట మానితిరో వాని పేరును మనస్సులో దలచుకొనుడు. ఇంటికి దిరిగివచ్చుచు వాని గుమ్మముకడ నిలువుడు.

మఱియొక మాట. నెలల తరబడి నిద్రాహారములు మాని, మంచము దిగక, ప్రాణము తీసికొందునని పలుకువానికి శని యని చెప్పి దినములు గడపుట ఘోరపాపము. అది మనోవ్యాధి, దానికి వైద్యులున్నారు, మందులున్నవి. జ్వరము వచ్చినవానిని ఆసుపత్రికి గొనిపోవు మనము, మనస్సునకు జ్వరము వచ్చినవానిని మాత్రము నవగ్రహముల చుట్టు ద్రిప్పుచున్నాము. మన మిత్రులలో నెవరికైన నట్టి స్థితి గలిగినచో, ఆ రాత్రియే వానికడ గూర్చుండుటయు, మఱునాడు వైద్యునికడకు దోడు పోవుటయు నుపాసనలో భాగములని యెంచుడు.

ఇప్పుడు ప్రార్థింతము.

హే ప్రభూ! నిరాకారా! అద్వితీయా! శనిని దన కక్ష్యయందు దిరుగనిచ్చుచున్నవాడవు నీవే. అది మాపై బగబట్టి తిరుగుట లేదని మాకు దెలిసియు భయపడుచున్నాము; ఆ భయమును నీకు దెచ్చితిమి. ఈ సాయంకాల మీ గృహమున గూర్చున్నవారిలో నెవరెవరు సోదరునితో మాటలాడుట లేదో నీ వెఱుగుదువు. నక్షత్రము పేర విడువబడిన కన్యకు నీ యెదుట నే దోషమును లేదని, మా నోటితో నామెకు జెప్పించుము. నేటి రాత్రి పాఠశాలలో దల్లిని దలచుకొని మేలుకొనియున్న పసివాని ప్రక్కకు మఱియొక పసివానిని బంపుము. ఎడారిదేశమున బని చేయుచు నింటికి ఫోను చేయుటకు సిగ్గుపడుచున్న కుమారునకు, ఆ పిలుపు నందుకొనుటకు సిగ్గుపడుచున్న తండ్రికి, మొదటి మాటను నీవే యందించుము. వీథి చివర నరుగుపై నొక వృద్ధురాలు కూర్చున్నది. ఆమె లోనికి బోకముందే మమ్ముల నచ్చటికి నడిపింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.